అన్నయ్య పంపిన క్యాసెట్లు వినాలా, దాచేయాలా?

ప్రశ్న: నాకు 47 ఏళ్ళు, ఉండేది విజయవాడ. మా అన్నయ్య 1994లో కార్ల కంపెనీలో ఉద్యోగం వచ్చి డెట్రాయిట్ వెళ్ళాడు. నేనప్పుడు ఇంటర్. అక్కడ రేడియోలో వచ్చే పాత ఇంగ్లీషు పాటలు రికార్డు చేసి, ఇండియా వచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపేవాడు. మొత్తం తొమ్మిది క్యాసెట్లు. మాటలు సగం అర్థమయ్యేవి కావు, అయినా టేపు నలిగేదాకా విన్నాను. మధ్యమధ్యలో అన్నయ్య గొంతు కూడా ఉంటుంది. ఎనిమిదింటి మీద పాటల పేర్లు తన చేత్తో రాశాడు. తొమ్మిదోది వచ్చేసరికి మా టేప్ రికార్డర్ పాడైపోయింది. అది అసలు వినలేదు, దాని మీద ఏమీ రాసి కూడా లేదు. 2021 మేలో కోవిడ్‌తో అన్నయ్య పోయాడు. ఇక్కడి నుంచి ఎవరం వెళ్ళలేకపోయాం, అంతా ఫోన్‌లోనే చూశాం. వదిన, మేనల్లుడు అక్కడే ఉన్నారు. మొన్న సూపర్‌మార్కెట్‌లో 'ఎయింట్ నో మౌంటెన్ హై ఇనఫ్' వినిపిస్తే బియ్యం బస్తాల పక్కన కూలబడి ఏడ్చాను. హుషారైన పాటే కదండీ అది! "ఏడ్చేదానివి వినడమెందుకు" అంటారు మావారు. మా అమ్మాయి క్యాసెట్లన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కిస్తానంటోంది. నాకు ఆ డబ్బా మూత తీయాలంటేనే భయం. వినాలా, అలాగే దాచేయాలా? మన భాష కాని పాటలకి ఇంత పట్టు ఎలా వచ్చింది?
ఓ చెల్లెలు

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం నాలుగు పేజీలు. ఇక్కడ కుదించి వేశాను గానీ మొత్తం రెండుసార్లు చదివాను. పాటల గురించి మూడు పేజీలు రాశారు, ఏ క్యాసెట్‌లో ఏ పాట ఉందో జాబితా కూడా పెట్టారు. అన్నయ్య గొంతు గురించి మాత్రం ఒకే ఒక్క వాక్యం, అదీ వేరే సంగతి చెబుతూ మధ్యలో. నేను ఆ వాక్యం దగ్గరే ఆగిపోయాను. పాటలదేముంది, ఫోన్‌లో పేరు కొడితే అన్నీ దొరుకుతాయి, అయినా మీరు ఆ డబ్బా మూత తీయలేకపోతున్నారంటే దానికి కారణం ఆ పాటకీ ఈ పాటకీ మధ్య ఉన్న నాలుగు ముక్కలే అనుకుంటున్నాను. "ఇది విను" అన్నాడో, "నాన్న మందులు వేసుకుంటున్నాడా" అన్నాడో, అది మీకే తెలుసు.

వినండి. నా సమాధానం అదే. కానీ ముందు ఎక్కించండి, తర్వాత వినండి. ఈ వరస మాత్రం మార్చకండి, ఎందుకో చెబుతాను.

మా అమ్మ మంగళహారతులు బాగా పాడేది. మా బాబాయి ఒకసారి టేప్ రికార్డర్ తెచ్చి రెండు పాటలు పాడించి రికార్డు చేశాడు. తర్వాత కొన్నేళ్ళకి, నేను డిగ్రీలో ఉండగా, ఖాళీ క్యాసెట్ దొరక్క దాని మీదే సినిమా పాటలు ఎక్కించుకున్నాను. అమ్మ ఎదురుగా వంటింట్లోనే ఉంది కదా, ఆ టేపు విలువ నాకేం తెలుసు? అమ్మ పోయాక ఆ క్యాసెట్ వెతికి తీసి రెండు వైపులా చివరిదాకా విన్నాను. సినిమా పాటలన్నీ అయిపోయాక ఒక పావు నిమిషం మిగిలింది. అందులో హారతి గంట మోగుతుంది, అమ్మ చిన్నగా దగ్గుతుంది, అంతే, టేపు అయిపోతుంది. ఆ పావు నిమిషం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

కాబట్టి ఈ రోజే చేయాల్సిన పని ఒకటి చెబుతాను, దీనికి ఏమీ వినక్కర్లేదు. క్యాసెట్ పై అంచున రెండు మూలలా చిన్న ప్లాస్టిక్ రెక్కలుంటాయి. అవి విరిచేస్తే దాని మీద ఇక ఎవరూ పొరపాటున కూడా ఏమీ రికార్డు చేయలేరు. అన్నయ్య పేర్లు రాసిన ఎనిమిదింటికీ విరిచేయండి. ఆ చేతిరాత కనబడేలా ఒక్కో లేబుల్‌కీ ఫోటో తీయండి, సిరా వెలిసిపోతుంది. తర్వాత టేపు కనిపించే కిటికీలోంచి చూడండి, తెల్లటి బూజు లాంటిది ఉందేమో. బెజవాడ ఉక్కకి ముప్పై ఏళ్ళ టేపుకి బూజు పట్టడం వింతేమీ కాదు. అలా ఉన్నదాన్ని ఇంట్లో పెట్టి తిప్పకండి, పాత టేపుల పని తెలిసినవాళ్ళకే ఇవ్వండి. మిగతావాటిలో టేపు వెనక చిన్న మెత్తటి ముక్క, ఓ రేకు మీద అతికించి ఉంటుంది, అది ఊడిపోయిందేమో చూడాలి. జిగురు ఎండిపోయి ఊడుతుంది, ఊడితే శబ్దం మందగిస్తుంది, అంతమాత్రాన టేపు పోయిందని కంగారుపడకండి. అటక మీది పాత ప్లేయర్‌లో సరాసరి పెట్టి చూద్దాం అని మాత్రం అనుకోవద్దు. టేపు నమిలేసిందంటే ఆ ముక్కలో ఏ మాట ఉందో ఎప్పటికీ తెలీదు. క్యాసెట్లు వాయించే మంచి డెక్ అద్దెకో అరువుకో తెచ్చుకుని, టేపు తగిలే హెడ్‌నీ రబ్బరు చక్రాన్నీ శుభ్రం చేసుకుని, ముందు ఎవరికీ అక్కర్లేని క్యాసెట్ ఒకటి తిప్పి చూడండి.

మీ అమ్మాయికి నా మాటగా ఇంకో సంగతి చెప్పండి. ఒక్కో వైపునీ మొదటి నుంచి చివరిదాకా ఒకే ఫైలుగా ఎక్కించమనండి. పాటలు విడగొట్టద్దు, ఖాళీలు కత్తిరించద్దు, ఆ 'స్స్' మనే రొదని సాఫ్ట్‌వేర్‌తో తుడిచేయద్దు. తుడిస్తే దానితోపాటు గొంతులోని ఊపిరి కూడా పోతుంది. రేడియో ఆపే 'టక్' శబ్దం, వెనక ఎక్కడో తలుపు వేసిన చప్పుడు, ఇవన్నీ ఆ గదే. అన్నయ్య ఒంటరిగా ఉన్న ఆ గది మీరెవరూ చూసి ఉండరు. దాని గురించి మీకు మిగిలిన సాక్ష్యం అంతే. అసలు ఫైలు ముట్టుకోకుండా రెండు చోట్ల దాచి, వినడానికి వేరే కాపీ చేసుకోవచ్చు.

ఇక పాట సంగతి. హుషారు పాటకి ఏడుపెందుకు వచ్చిందని అడిగారు. అది 1967లో వచ్చిన పాట, మార్విన్ గే, టామీ టెరెల్ పాడారు. అందులో ఉన్న మాట ఒక్కటే. నువ్వు పిలువు చాలు, కొండ అడ్డొచ్చినా, లోయ అడ్డొచ్చినా, ఏరు అడ్డొచ్చినా వచ్చేస్తాను. మీకు పదహారేళ్ళప్పుడు అన్నయ్య ఆ మాట మీకు పంపాడు. ఇరవై ఏడేళ్ళ తర్వాత, 2021 మే 4 నుంచి, ఇండియా నుంచి వచ్చేవాళ్ళ మీద అమెరికా ఆంక్షలు పెట్టింది. కొండ కాదు, ఏరు కాదు, ఓ ప్రభుత్వ ఉత్తర్వు అడ్డొచ్చింది. మీరు వెళ్ళలేకపోయారు. ఆ సంగతి లోపల అలాగే ఉంది, నాలుగేళ్ళుగా దాన్ని ఎవరూ కదిలించలేదు. బియ్యం కొంటుంటే వచ్చి కదిలించింది ఆ పాట. అంత హుషారుగా, అంత ధీమాగా 'వచ్చేస్తా' అంటుంటే కాళ్ళల్లో సత్తువ పోవడంలో వింతేముందమ్మా? విషాద గీతమైతే మీరు కాచుకుని ఉండేవారు.

ఆ పాట వెనక ఉన్న కథ మీకు తెలిసి ఉండకపోవచ్చు. వింటుంటే ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ పాడుతున్నట్టుంటుంది. అలా జరగలేదు. టామీ తన వంతు ముందే ఒక్కతే పాడేసింది. మార్విన్ గొంతు తర్వాత కలిపారు. అదే ఏడాది అక్టోబరులో వర్జీనియాలో ఓ కాలేజీ కచేరీలో పాడుతూ పాడుతూ ఆమె మార్విన్ చేతుల్లోకి ఒరిగిపోయింది. మెదడులో కణితి. ఎన్నో ఆపరేషన్లయ్యాక 1970 మార్చిలో పోయింది, అప్పటికి 24 ఏళ్ళు. మార్విన్ చాలా కాలం వేదిక ఎక్కలేదు. తర్వాత, వియత్నాం యుద్ధం నుంచి తిరిగొచ్చిన తమ్ముడు ఫ్రాంకీ చెప్పిన సంగతులు మనసులో పెట్టుకుని చేసిన పాట 'వాట్స్ గోయింగ్ ఆన్', 1971లో విడుదలైంది. అదీ మీ జాబితాలో ఉంది, మూడో క్యాసెట్ బి సైడ్‌లో. అమ్మా అని పిలిచి, అన్నా అని పిలిచి, నాన్నా అని పిలిచి మాట్లాడే పాట. ఇంగ్లీషు సగమే వచ్చిన ఇంటర్ పిల్లకి కూడా అందే పాట అది.

మన భాష కాదు, మన ఊరు కాదు అన్నారు. ఆ ఊరు ఎవరిదో కొంచెం చెబుతాను. అమెరికా దక్షిణాన పత్తి చేలల్లో బతికిన నల్లజాతి కుటుంబాలు గత శతాబ్దంలో లక్షల సంఖ్యలో ఉత్తరాది నగరాలకి కదిలిపోయాయి. కార్ల ఫ్యాక్టరీల్లో పని దొరుకుతుందని ఎంతోమంది డెట్రాయిట్ చేరారు. మీ పాటని రికార్డు చేసిన మోటౌన్ కంపెనీ పెట్టిన బెరీ గోర్డీ అమ్మానాన్నలు జార్జియా నుంచి అలా వచ్చినవాళ్ళే. అతను కార్లు బిగించే లైను మీద పనిచేశాడు. 1959లో ఇంట్లోవాళ్ళు పోగేసుకున్న డబ్బులోంచి 800 డాలర్లు అప్పు తీసుకుని మోటౌన్ మొదలుపెట్టాడు. వెస్ట్ గ్రాండ్ బులవార్డ్‌లో ఓ మామూలు ఇల్లు, అందులోనే స్టూడియో. జనం పాటలు కార్లలో వింటారు కదా అని, తయారైన పాటని కారు రేడియోలో వచ్చేటంత చిన్న స్పీకర్లో పెట్టి విని చూసేవాళ్ళట. మీ అన్నయ్య ఇవే పాటలు మంచులో డ్యూటీకి వెళ్తూ కారు రేడియోలో విని ఉంటాడు. ఆ ఇల్లు ఇప్పుడు మ్యూజియం. వదిన దగ్గరికి వెళ్ళినప్పుడు తప్పకుండా చూసి రండి.

మీ పాటలో కింద నడిచే బేస్ గిటార్ వాయించిన జేమ్స్ జేమర్సన్ కూడా దక్షిణ కరోలినా నుంచి అమ్మతో కలిసి డెట్రాయిట్ చేరినవాడే. ఆ వాయిద్యగాళ్ళ పేర్లు చాలా ఏళ్ళు రికార్డుల మీద వేయనే లేదు, నాకు ఆ విషయం ఎప్పుడు తలుచుకున్నా బాధగా ఉంటుంది. ఈసారి పాట విన్నప్పుడు గొంతులు వదిలేసి ఆ బేస్ ఒక్కటే పట్టుకుని చివరిదాకా నడవండి. మీరు చిన్నప్పుడు వినని పాట వినిపిస్తుంది. ఇక సోల్ అని పిలిచే ఈ నల్లజాతివాళ్ళ పాటలకి తల్లి చర్చి. ఒకరు పిలిస్తే మిగతావాళ్ళు బదులు పలుకుతారు. మన బుర్రకథలో వంతలు 'తందాన' అందుకున్నట్టు, భజనలో ఒకరు అంటే అందరూ అన్నట్టు. మాట అర్థం కాకపోయినా మీ చెవి దాన్ని పోల్చుకుంది, అది మీరు చిన్నప్పటి నుంచీ విన్న పద్ధతే.

పదిహేను నుంచి పాతికేళ్ళ లోపు విన్న పాటలు జీవితాంతం గట్టిగా గుర్తుంటాయని మనసు మీద పరిశోధన చేసేవాళ్ళు చెబుతారు. అదీ ఒక కారణమే. కానీ మీ జాబితా చూస్తుంటే నాకు ఇంకోటి తోచింది. 'రీచ్ అవుట్ ఐల్ బీ దేర్' ఉంది, చేయి చాపు, నేనున్నాను అనే పాట. జాక్సన్ ఫైవ్ పాడిన 'ఐల్ బీ దేర్' ఉంది. 'మిడ్‌నైట్ ట్రెయిన్ టు జార్జియా' రెండుసార్లు ఉంది, పెద్ద ఊళ్ళో నెగ్గుకురాలేక రాత్రి రైలెక్కి సొంతూరు వెళ్ళిపోయే మనిషి కథ. 'డాక్ ఆఫ్ ద బే' ఉంది, జార్జియాలో ఇల్లు వదిలి వచ్చి ఓడరేవు ఒడ్డున ఒంటరిగా కూర్చున్నవాడి పాట. 'ఎయింట్ నో సన్‌షైన్' ఉంది, ఆమె లేకపోతే వెలుగే లేదనే పాట. ఏరి ఏరి పెట్టాడమ్మా. నేనున్నాను అనే పాటలు, ఇంటికి రావాలని ఉంది అనే పాటలు. ఆ రోజుల్లో ఫోన్ నిమిషానికి ఎంతయ్యేదో మీకు గుర్తుండే ఉంటుంది. కాల్‌లో నాన్న ఆరోగ్యం, అమ్మ నోము, నీ మార్కులు, అంతటితో డబ్బులైపోయేవి. మన ఇళ్ళలో అన్నలు చెల్లెళ్ళతో 'నువ్వు గుర్తొస్తున్నావు, నాకిక్కడ ఒంటరిగా ఉంది' అనరు. తెలుగులో అనలేని మాట అతను పాటల్లో పెట్టి పంపాడు. మీరు అరిగేలా విన్నది అన్నయ్య ఉత్తరాలు. వాటికి పట్టు ఉండకుండా ఎలా ఉంటుంది?

'ఎయింట్ నో సన్‌షైన్' పాడిన బిల్ విదర్స్ అప్పటికి విమానాల టాయిలెట్ సీట్లు చేసే ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాడు. ఆ పాట మధ్యలో 'ఐ నో' అనే ఒక్క ముక్కనే 26 సార్లు అంటాడు. అక్కడ ఇంకో చరణం రాద్దామనుకున్నాడు, పక్కనున్న వాయిద్యగాళ్ళు వద్దు, అలాగే వదిలెయ్ అన్నారు. మీవారికి మీరు ఏం చెప్పాలో తెలీక ఊరుకుంటున్నానని రాశారు కదా. ఆ చోటు ఆయనకి వినిపించండి. తెలుసు, తెలుసు, తెలుసు అనడం తప్ప ఏమీ మిగలని స్థితి ఒకటుంటుందని ఆయనకీ తెలుస్తుంది. ఆయన మీ మీద ప్రేమతోనే వద్దంటున్నారు, మీరు ఏడుస్తుంటే చూడలేక. ఆపమని అడగకుండా పక్కన కూర్చోమనండి, అంతకన్నా ఆయన చేయాల్సిందేమీ లేదు.

అసలు మీకు చెప్పాలనుకున్న కథ ఇంకొకటుంది. 'డాక్ ఆఫ్ ద బే' పాడిన ఓటిస్ రెడింగ్ 1967 డిసెంబరు 7న మెంఫిస్‌లోని స్టాక్స్ స్టూడియోలో ఆ పాట పని మీద ఉన్నాడు. 10వ తేదీన అతని విమానం విస్కాన్సిన్‌లో ఒక సరస్సులో కూలిపోయింది. 26 ఏళ్ళు. అతనితో కలిసి ఆ పాట రాసిన స్టీవ్ క్రాపర్, గిటార్ వాయించినవాడు, ఆ టేపుని పూర్తి చేయాల్సి వచ్చింది. పోయిన స్నేహితుడి గొంతు ముందేసుకుని, ఒక్కో ముక్కా మళ్ళీ మళ్ళీ వింటూ కూర్చున్నాడు. అలల చప్పుడు, సముద్రపు పక్షుల అరుపులు కలిపాడు. పాట చివర ఓటిస్ ఈల వేస్తూ వెళ్ళిపోతాడు, దాన్ని అలాగే ఉంచాడు. 1968 జనవరిలో రికార్డు వచ్చింది, అమెరికాలో మొదటి స్థానానికి చేరింది. నేను ఈ పాట ఎన్నోసార్లు విన్నాను, ఇప్పటికీ ఆ ఈల దగ్గర క్రాపర్ చేతులే కళ్ళ ముందు కనిపిస్తాయి. ఆ రోజుల్లో అతను ఆ టేపు బీరువాలో పెట్టి తాళం వేసుకుని ఉంటే ఎవరూ తప్పు పట్టేవారు కాదు.

మీరూ అలాంటి టేపు ముందే కూర్చోబోతున్నారు. కాబట్టి తొందరపడకండి. అమ్మాయి ఎక్కించేటప్పుడు మీరు గదిలో ఉండక్కర్లేదు. మామయ్య గొంతు ఏ క్యాసెట్‌లో ఎన్ని నిమిషాల దగ్గర వస్తుందో ఓ కాగితం మీద రాసి పెట్టమనండి. అలా ఉంటే అది మిమ్మల్ని సూపర్‌మార్కెట్‌లో లాగా వెనక నుంచి వచ్చి పట్టుకోదు, మీరే ఎదురెళ్తారు. మొదట కొన్నాళ్ళు పాటలు మాత్రమే వినండి, ఫోన్‌లో దొరికే శుభ్రమైన రికార్డింగులే వినండి, కూర తరుగుతూ వినండి, ఏడుపొస్తే ఏడవండి. తర్వాత ఒక రోజు చూసుకుని ఒక్క గొంతు ముక్క వినండి. ఆ రోజుకి ఒక్కటే చాలు. రాత్రిపూట ఒంటరిగా, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని మాత్రం వద్దు. ఒకవేళ నెలల తరబడి నిద్ర లేకపోవడం, తిండి సహించకపోవడం, దేని మీదా మనసు పోకపోవడం ఉంటే అది పాటల వల్ల కాదు, డాక్టర్‌తో మాట్లాడాల్సిన విషయం, దానికి మొహమాటపడకండి.

మీరు రాయనిది ఇంకోటి. మేనల్లుడికి 22 ఏళ్ళన్నారు, తెలుగు అంతంతమాత్రమే అన్నారు. ఆ క్యాసెట్లలో ఉన్నది వాళ్ళ నాన్న పాతికేళ్ళ గొంతు, తెలుగులో, వాడు పుట్టకముందుది. వాడికి అది ఉందని అసలు తెలుసా? వదినకి తెలుసా? మీరు దాచేస్తే ముగ్గురి నుంచి దాచినట్టు. ఫైళ్ళు తయారయ్యాక చెప్పాపెట్టకుండా వాట్సాప్‌లో పంపేయకండి, ముందు వదినకి ఫోన్ చేసి ఇలా ఉన్నాయి, ఎప్పుడు పంపమంటావు అని అడగండి. అన్నయ్య ఏ మాట ఎందుకన్నాడో, ఏ పేరు ఎవరిదో, ఏ సంగతి ఏమిటో మీరు తప్ప వాడికి చెప్పేవాళ్ళు లేరు. ఒక్కో ఆదివారం ఒక్కో ముక్క ఫోన్‌లో కలిసి వినండి.

ఆ పేరు రాయని తొమ్మిదో క్యాసెట్ చివరికి ఉంచండి. అందులో పాటలుండొచ్చు, ఏమీ లేకపోవచ్చు కూడా, హడావుడిలో ఖాళీది పెట్టి పంపేసి ఉండొచ్చు. అమ్మాయిని ఒక్కదాన్నే విననివ్వద్దు, మీరూ ఒక్కరే వినద్దు. వదిన, మేనల్లుడు బెజవాడ వచ్చినప్పుడు అందరూ కూర్చుని పెట్టుకోండి. దానికి మాత్రం ఇప్పుడే రెక్కలు విరవకండి. ఏదైనా ఉంటే ఆ రోజు విరిచేద్దురుగాని. ఖాళీదైతే, ఆ రోజు మీరందరూ ఒకేచోట ఉంటారు, రికార్డర్ కూడా ఎదురుగానే ఉంటుంది.